కుష్ఠరోగుల స్నేహితుడు: వెల్స్లీ బెయిలీ దొరగారి జీవితము

లోకమున గొప్పవారి చరిత్రములు పెక్కు కలవు. యుద్ధములు గెలిచినవారు, రాజ్యములేలినవారు, క్రొత్త దేశములు కనుగొనినవారు మన పాఠ్యపుస్తకములలో తరచుగా కనబడుదురు. ఈ సంచికకై మేము వ్రాయబూనిన పురుషుడు అట్టివాడు కాడు. ఆయన యౌవనమున ధనము వెదకుకొనుచు దేశములు తిరిగినవాడు; పోలీసు ఉద్యోగము కోరి హిందూదేశమునకు వచ్చినవాడు; తుదకొక మిషను బడిలో ఉపాధ్యాయుడై, త్రోవకావల నున్న కుష్ఠరోగుల గుడిసెలలో తన జీవితకార్యమును కనుగొనినవాడు. ఆయన పేరు వెల్స్లీ కాస్బీ బెయిలీ.

దూరదేశమందలి యొక క్రైస్తవ కుటుంబము, తాము కన్నులార చూడని వికలాంగుడైన బిడ్డకు ఏటేట అన్నవస్త్రములకు సొమ్ము పంపుట నేడు మనకు వింత కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెము ప్రాంతములలో ఇట్టి సాయమును ఎరిగిన తల్లిదండ్రులు కలరు. అనాథబాలుర నిట్లు పోషించుట బెయిలీగారికి మునుపును లేకపోలేదు. అయితే స్వజనమే వెలివేసిన కుష్ఠరోగుల కొరకును, వారి బిడ్డల కొరకును దానిని స్థిరమైన యేర్పాటుగా చేసి, దేశదేశముల గృహములలో నాటినవారిలో ఆయనయే ముఖ్యుడు. అట్టి సహాయము ఎట్లు మొదలిడినది, దేనిచేత నిలిచినది, దాని యందలి అపాయమేమి అను సంగతులు ఆయన చరిత్రమునుండి మనము తెలిసికొనవచ్చును.

బెయిలీగారు 1846 వ సంవత్సరమున ఐర్లండు దేశమందు జన్మించెను. ఆ కాలమున ఆ దేశమున ఉర్లగడ్డ పంట తెగులుచే నశించి ఘోరమైన కరవు ప్రబలియుండెను. లక్షలకొలది జనులు చనిపోయిరి. లక్షలకొలది జనులు ఓడలెక్కి పరదేశములకు పోయిరి. బెయిలీగారి కుటుంబము ఆకలికి గురియైన కుటుంబము కాదు. అయినను కరవు విడిచిపోయిన దేశమున పెరిగిన పడుచువాండ్రకు స్వదేశమున బ్రదుకు తెరువు చాల తక్కువ. కావున 1866 లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆయన ధనార్జనకై ఆస్ట్రేలియా ఖండమునకు బయలుదేరెను.

ఆయన ఎక్కవలసిన ఓడ థేమ్సు నదీతీరమందలి గ్రేవ్సెండు రేవున ఆలస్యమై నిలిచిపోయెను. ఆలీసు గ్రాహాము అను కన్యక ఆయనను గుడికి పోవుట మరువవద్దని కోరియుండెను. ఆ మాట జ్ఞాపకము వచ్చి ఆయన ఆ యూరి దేవాలయమునకు పోయెను. ఆనాటి ఆరాధనలో తన జీవితము దేవునిదని ఆయన మనస్సున దృఢపరచుకొనెను. అయినను వెంటనే ఆయన మార్గమేమియు మారలేదు. ఆస్ట్రేలియాకును న్యూజీలండుకును పోయి కొంతకాలము శ్రమపడి, కోరిన ధనము దొరకక ఇంటికి మరలెను. విద్యార్థులు ఈ సంగతి గమనింపవలెను. తాము చేయదగిన పని యేదో తెలిసికొనుటకు మంచివారికిని కొన్ని యేండ్లు పట్టును.

1869 లో ఆయన హిందూదేశమునకు వచ్చెను. అప్పుడు ఆయన యన్న ఇచ్చట కొలువులో నుండెను. తమ్ముడును పోలీసు శాఖలో చేరవలెనని తలంచెను. భాష నేర్చుకొనుటకై ఫైజాబాదులో ఒక జర్మను మిషనరీగారి యింట బస చేసెను. ఆ దొరగారు జనులతో మెలగు విధమును, వారి కష్టసుఖములు విచారించు విధమును దినదినము చూచుచుండగా బెయిలీగారికి పోలీసు ఉద్యోగము మీది కోరిక తగ్గిపోయెను. ఆయన అమెరికను ప్రెస్బిటీరియను మిషనువారికి దరఖాస్తు పెట్టుకొనగా, వారు ఆయనను పంజాబులోని అంబాలా పట్టణపు బడిలో ఉపాధ్యాయునిగా నియమించిరి.

అంబాలా మిషనులో డాక్టరు మారిసను అను పెద్ద దొరగారుండిరి. ఆయన నివాసమున కెదురుగా, త్రోవకావల, కుష్ఠరోగుల కొరకు కట్టిన చిన్న శాల యుండెను. 1869 డిసెంబరు నెలలో మారిసనుగారు క్రొత్త ఉపాధ్యాయుని వెంటబెట్టుకొని అచ్చటికి పోయిరి. వరుసగా నున్న పాకలు. వాకిండ్లలో కూర్చున్న స్త్రీపురుషులు. వ్రేళ్లు లేని చేతులు, పుండ్లుపడిన పాదములు, చూపు పోయిన కన్నులు. బెయిలీగారు ఇట్టివారిని ఇంత దగ్గరగా అంతకు మునుపు చూచియుండలేదు. ఆయన మొదట వణకెను, అయినను వెనుదీయలేదు. క్రీస్తు కుష్ఠరోగిని చేయి చాచి ముట్టెనని ఆయన బాల్యమునుండి వినియుండెను. ఆ మాటకు అర్థము ఆయనకు ఆ పాకల ముందర తెలియవచ్చెను.

మన పల్లెలలో పెద్దలు ఈ వ్యాధిని పేరుపెట్టి పిలుచుటకును భయపడి పెద్దరోగమనిరి. ఆ భయము ఒక్క మన దేశముననే కాదు, అన్ని దేశములందును ఉండెను. ఇది వంశపారంపర్యమని కొందరు, పాపఫలమని కొందరు, ముట్టినంతనే అంటుకొనునని కొందరు తలంచిరి. రోగి ఇల్లు విడువవలెను, ఊరు విడువవలెను, బావి దరికి రాగూడదు, పెండ్లికిని పండుగకును రాగూడదు. దానికి మందు లేదు. కావున వ్యాధికంటె వెలి యెక్కువ బాధయయ్యెను. బెయిలీగారు వైద్యుడు కాడు. రోగము కుదుర్చుట ఆయన చేతిలో లేదు. ఆయన చేయగలిగినది ఒక్కటే: మాటిమాటికి వారియొద్దకు పోవుట, వారి పేరు పెట్టి పిలుచుట, పుండ్లు కట్టించుట, తిండికిని గుడ్డకును లోటు లేకుండ చూచుట, వారితో కలసి ప్రార్థించుట.

1871 లో ఆలీసు గ్రాహాము కన్యక ఓడమీద బొంబాయి చేరెను. అచ్చటనే వారికి వివాహము జరిగెను. దొరసానిగారును భర్తతోకూడ రోగుల శాలకు పోవుచుండిరి. అయితే ఇచ్చటి యెండలు ఆమె దేహమునకు సరిపడలేదు. ఆమె ఆరోగ్యము చెడుటచేత 1873 లో వారిద్దరు స్వదేశమునకు పోవలసివచ్చెను. ఆ 1873 లోనే నార్వే దేశమున హాన్సను అను వైద్యుడు కుష్ఠవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. ఒకే యేట ఒక దేశమున ఈ వ్యాధి యొక్క మర్మము తెలియవచ్చెను. మరియొక దేశమునకు ఈ వ్యాధిగ్రస్తుల దుఃఖవార్తను మోసికొని పోవు మనుష్యుడు బయలుదేరెను. ఒకరినొకరు ఎరుగని వీరిద్దరు ఒకే కార్యమునకు రెండు తట్ల నుండి పునాది వేసిరి.

ఐర్లండులో డబ్లిను పట్టణపు చేరువను మాంక్స్టౌను అను ఊరు కలదు. అచ్చట పిమ్ అను ఇంటిపేరుగల యక్కచెల్లెండ్రు ముగ్గురు, ఇసబెల్లా, చార్లొటీ, జేను అనువారు కాపురముండిరి. వీరు బెయిలీ దొరసానికి పూర్వస్నేహితులు. 1874 లో బెయిలీ దంపతులు వారి యింట బసచేయగా, హిందూదేశపు రోగుల సంగతి చెప్పుమని వారడిగిరి. కొందరు స్నేహితులను పిలిచిరి. బెయిలీగారు తాము చూచినదంతయు, ఎక్కువ తక్కువ లేకుండ, ఆ చిన్న కూటమునకు చెప్పెను. ఏటికి 30 పౌనులు కూర్చగలిగినయెడల కొందరు రోగులకైనను ఆశ్రయము దొరకునని తోచెను. చార్లొటీ పిమ్ ఆ పనికి పూనుకొని, తానును తన స్నేహితులును ఏటేట 30 పౌనులు పంపుటకు ప్రయత్నింతుమని మాటయిచ్చెను.

ఈ మాట చిన్నది. కాని దానిలో ఏటేట అను పదము గొప్పది. ఒకనాడు కన్నీరు పెట్టి చేతనున్నది వేయుట ఎవరికైనను సాధ్యమే. మరునాటికి కన్నీరారును, రోగి యాకలి ఆరదు. పిమ్ అక్కచెల్లెండ్రు ఇచ్చినది ఒకనాటి భిక్షము కాదు, ఏటికేటికి నిలుచు మాట. బెయిలీగారి ప్రసంగము చిన్న పుస్తకముగా అచ్చుపడి యింటింటికిని చేరెను. మొదటి సంవత్సరమున 30 పౌనులకు మారుగా సుమారు 600 పౌనులు ప్రోగుపడెను. అడిగినదానికి ఇరువది రెట్లు వచ్చెనన్నమాట. కుష్ఠరోగుల మిషను అను సంఘము పుట్టినది 1874 లోనని చెప్పుట దీనివలననే. ఏ రాజును దానిని స్థాపింపలేదు. ఏ ధనికుడును దానికి మూలధనము పెట్టలేదు. అది ఒక యింటి కూడికలో పుట్టెను.

1875 లో బెయిలీ దంపతులు మరల హిందూదేశమునకు వచ్చి స్కాట్లండు సంఘమువారి మిషనులో పనిచేసిరి. హిమాలయ ప్రాంతపు చంబా సంస్థానమున రోగుల కొరకు ఆశ్రమము కట్టించిరి. సిమ్లా దగ్గర సబాతులో నున్న ఆశ్రమమునకును ఐర్లండునుండి సొమ్ము వచ్చుచుండెను. 1878 లో డబ్లినులో సంఘమునకు కార్యనిర్వాహక సభ యేర్పడెను. చార్లొటీ పిమ్ గౌరవ కార్యదర్శినియై ఉత్తరములు వ్రాయుట, లెక్కలుంచుట మొదలగు పనులు ఓపికతో జరుపుచుండెను. అంతకంతకు పని పెరుగుటచే 1886 లో బెయిలీగారు ఇతర ఉద్యోగములన్నియు విడిచి ఈ సంఘమునకే పూర్తికాలపు కార్యదర్శియయ్యెను.

ఆయన పద్ధతి యెట్టిదో విద్యార్థులు తెలిసికొనవలెను. ఆయన ప్రతి దేశమున క్రొత్తగా తన మిషనరీలను దింపి, తన జెండా నాటవలెనని చూడలేదు. ఎచ్చట ఏ మిషనువారు జనులమధ్య కాపురముండి వారి భాష యెరిగియుందురో వారికి ఆశ్రమము కట్టుటకును, రోగులను పోషించుటకును సొమ్ము సమకూర్చెను. జర్మను లూథరను మిషనువారు, అమెరికను మెథడిస్టు మిషనువారు, కెనడా బాప్తిస్టు మిషనువారు ఇట్లు పలువురు ఆ సాయము పొందిరి. ఏ సంఘమువారని అడుగక, రోగికి మేలు జరుగునా అని మాత్రమే అడుగుట ఆయన నియమము. 1888 లో వంగదేశపు పురూలియాలో నెలకొల్పబడిన ఆశ్రమము వీనిలో మిక్కిలి పెద్దదయ్యెను. హిమాలయములలో చండాగు అను కొండమీది ఆశ్రమమును, తానే కుష్ఠవ్యాధికి గురియైన మేరీ రీడు అను అమెరికను స్త్రీ ఆయన సంఘమువారి పక్షమున బహుసంవత్సరములు నడిపెను.

సొమ్ము ఇచ్చువారికిని, దానిని వాడువారికిని నడుమ వార్తలు నడచుట ముఖ్యమని బెయిలీగారు గ్రహించెను. అందుచేత ఆయన తరచుగా ప్రయాణములు చేసి, ఆశ్రమములను స్వయముగా చూచి, చూచిన సంగతులు వ్రాసి పంపుచుండెను. సంఘమువారు ప్రకటించిన పత్రికకు దండు వెలుపల అను అర్థముగల పేరు పెట్టిరి. పూర్వము ఇశ్రాయేలీయులలో కుష్ఠరోగులు దండు వెలుపల నుండవలసినవారు. క్రీస్తును గవిని వెలుపలనే శ్రమపడెను. బైబిలు చదువుకొను ఇండ్లలో ఆ పేరు చూడగానే దాని భావము తెలిసెను. తాము పంపిన సొమ్ము ఏ ఊరికి పోయెనో, ఎవరి యాకలి తీర్చెనో పత్రికవలన తెలిసికొనిన గృహస్థులు మరుసటి యేడును మానక పంపుచుండిరి.

ఇక బిడ్డల విషయము. ఆశ్రమములకు వచ్చిన రోగులలో చంటిబిడ్డల తల్లులుండిరి. ఆ బిడ్డలు పుట్టినప్పుడు ఆరోగ్యవంతులే. ఈ వ్యాధి రక్తములో పారంపర్యముగా వచ్చునది కాదు. చికిత్స పొందని రోగితో చిరకాలము దగ్గరగా కలసి యుండుటవలన కొందరికి సోకును. మందు లేని ఆ దినములలో బిడ్డను కాపాడుటకు ఒక్క మార్గమే కనబడెను: తల్లిదండ్రులనుండి వేరుచేసి వేరొక గృహమున పెంచుట. ఇట్లు వేరుచేయబడిన పసిబిడ్డలలో చాలమంది ఆరోగ్యముతో పెరిగి, చదువుకొని, పనులు నేర్చుకొనిరి. ఇది వంశరోగమను భ్రమను తొలగించుటకు ఆ బిడ్డలే సాక్షులైరి.

అయితే దీని వెల యెంతటిదో మరువరాదు. బ్రదికియున్న తల్లి చేతులనుండి బిడ్డను తీసికొనుట తల్లికి మరణమువంటిది. వ్యాధి తన దేహమునుండి వ్రేళ్లను తీసికొనెను. ఇప్పుడు ఒడిలోని బిడ్డయు పోయెనని ఆమెకు తోచకమానదు. తన బిడ్డ బాగుగా నుండవలెనని ఆమె దానికి ఒడబడెను. దూరదేశమునుండి సొమ్ము పంపిన కుటుంబము ఎంత త్యాగము చేసినను, ఆ తల్లి చేసిన త్యాగమునకు సమానము కాదని మా యభిప్రాయము. సహాయముల లెక్క వ్రాయునప్పుడు ఇచ్చినవాని పేరు మొదట వచ్చును. కాని ఎక్కువ ఇచ్చినది ఎవరో దేవుడెరుగును.

బెయిలీగారు సముద్రములు దాటి అమెరికా, కెనడా మొదలైన దేశములకును పోయి ఈ సంగతి చెప్పెను. 1906 లో అమెరికాలో ఈ పనికి శాఖ యేర్పడెను. దానికి విలియము డానరు అనువారు కార్యదర్శి. కాన్సాసు రాష్ట్రమున వైట్ క్లౌడు అను చిన్న గ్రామము కలదు. 1913 ప్రాంతమున డానరుగారు ఆ యూరికి వచ్చి, చాప్మను అను వారి యింట బసచేసిరి. ఆ యింట విల్బరు అను బాలుడుండెను. సయాము దేశమున కుష్ఠవ్యాధితో బాధపడు శాము అను బాలుని సంగతి అతడు వినెను. ఒక రోగికి ఒక సంవత్సరపు పోషణకు 25 డాలర్లు కావలెను. డానరుగారు పోవునప్పుడు బాలుని చేతిలో మూడు వెండి డాలర్లు పెట్టి పోయిరి.

బాలుడు ఆ సొమ్ముతో మిఠాయి కొనలేదు, ఆటవస్తువు కొనలేదు. ఒక పందిపిల్లను కొని, దానికి పీటరను పేరును కుదించి పీట్ అని పేరిడి, దినదినము మేపెను. అది బలిసి పెద్దదైన పిమ్మట అమ్మగా 25 డాలర్లు వచ్చెను. ఆ సొమ్ము సయాము బాలుని కొరకు పంపెను. ఈ వార్త పత్రికలలో వ్యాపించి, అమెరికాయందలి ఆదివారపు బడుల పిల్లలు పంది యాకారముగల చిన్న డబ్బాలలో కాసులు కూడబెట్టి కుష్ఠరోగుల కొరకు పంప మొదలిడిరి. విల్బరు శామును చూడలేదు. శాము విల్బరును చూడలేదు. వారిద్దరి నడుమ మహాసముద్రముండెను. అయినను ఒకడు పొద్దుననే లేచి తొట్టిలో మేత వేయుటవలన మరియొకనికి ఆ యేడంతయు కూడు దొరకెను.

ఇట్టి సంబంధము తెగినప్పుడు ఏమగునో మన నల్లగొండ సీమ చరిత్రమే చెప్పుచున్నది. 1890 లో అబ్రహాము ఫ్రీసెను దొరగారు నల్లగొండలో మిషను పని ప్రారంభించిరి. ఆయన రష్యా దేశపు దక్షిణభాగమున నున్న మెన్నొనైటు సహోదరుల గ్రామములనుండి అమెరికను బాప్తిస్టు మిషనుతో కూడి వచ్చినవారు. ఆ పని సూర్యాపేట వరకును విస్తరించెను. రష్యాలోని గోధుమపొలముల రైతుకుటుంబములు పంపిన కానుకలు ఇచ్చటి పనికి ఆధారమై యుండెను. 1914 లో మహాయుద్ధమును, 1917 లో రష్యా విప్లవమును వచ్చి ఆ కానుకల త్రోవను మూసివేసెను. ఇచ్చిన మాట తప్పవలెనని ఆ రైతులు కోరలేదు. వారి యిండ్లే చెదరిపోయెను. కాబట్టి దూరపు సహాయము ఎంత నమ్మకమైనదైనను, దానిమీదనే యెల్లకాలము ఆనుకొనరాదు. చేయి పట్టి నిలువబెట్టిన బిడ్డ తన కాళ్లమీద నడచుటయే సహాయము యొక్క ఫలము.

బెయిలీగారి సంఘపు సాయము మన తెలుగుదేశమునకును వచ్చెను. తూర్పున సాలూరు, రామచంద్రపురము మొదలగు తావులలో ఆశ్రమములేర్పడెను. నాటి నిజాము రాజ్యమున నిజామాబాదు చేరువనున్న డిచ్‌పల్లి కథ మనకు మరింత దగ్గరది. స్కాట్లండు దేశస్థురాలైన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానియు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును 1907 లో వెస్లియను మిషను పక్షమున ఆ ప్రాంతమునకు వచ్చిరి. ఆమె వైద్యశాలకు కుష్ఠరోగులు వచ్చి వాకిట నిలిచిరి. వారిని చేర్చుకొనుటకు చోటు లేదు, పంపివేయుటకు మనసొప్పలేదు. కుష్ఠరోగుల మిషనువారు సాయపడిరి. రాజా నర్సాగౌడుగారు అను హిందూ దాత ఉదారముగా ధనమిచ్చెను. 1915 లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసెను. ఐర్లండు గృహిణుల కాసులును, తెలంగాణపు హిందూ దాత ధనమును కలసి ఒకే కప్పు క్రింద రోగికి మంచమైనవి. పరోపకారము ఒక్క మతమువారి సొత్తు కాదని ఈ యాసుపత్రి నేర్పుచున్నది.

డిచ్‌పల్లిలో కెర్ దొరసాని ఆశ్రయమిచ్చుటతో తృప్తిపడలేదు. చాల్మోగ్రా జాతి గింజలనుండి తీసిన నూనెను సూదిమందుగా నెక్కించు చికిత్సను శ్రద్ధతో జరిపెను. ఆ మందు అందరికిని పూర్తిగా కుదుర్చలేదు. అయినను రోగులలో ఆశ పుట్టెను. చనిపోవుటకు వచ్చుచోటు బాగుపడుటకు వచ్చుచోటుగా మారెను.

బెయిలీగారు 1917 లో ఉద్యోగమునుండి విరమించెను. మాంక్స్టౌను ఇంటి కూటమున 30 పౌనుల మాటతో మొదలిడిన పని అప్పటికి 12 దేశములకు వ్యాపించి, సుమారు 14,000 మంది రోగులకు ఆధారమై యుండెను. పిమ్మట ఇరువది యేండ్లు ఆయన ప్రశాంతముగా జీవించి, 1937 లో ఎడిన్‌బరో నగరమున తొంబదియేండ్లు దాటిన వృద్ధుడై పరమపదించెను. చనిపోవునాటికిని ఈ వ్యాధిని నిశ్చయముగా కుదుర్చు మందును ఆయన చూడలేదు. ఫలము చూడకయే నలుబదియేండ్లకు పైగా చెట్టుకు నీరు పోసిన తోటమాలివంటివాడాయన.

ఆ ఫలము పిదప వచ్చెను. 1940 దశాబ్దమున సల్ఫోను మందులు వాడుకలోనికి వచ్చెను. అదే దశాబ్దాంతమున వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండు వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే సరిదిద్ద మొదలిడెను. వ్రేళ్లు తమంతట తాము రాలిపోవుట లేదనియు, స్పర్శ పోయినందున రోగి యెరుగకయే కాల్చుకొని, కోసికొని వానిని పోగొట్టుకొనుచున్నాడనియు ఆయన చూపెను. 1981 లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను సిఫారసు చేసిరి. ఆరు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని ఆ మందులు సక్రమముగా పుచ్చుకొనినచో వ్యాధి కుదురును. సర్కారు ఆసుపత్రులలో అవి ఉచితముగా ఇయ్యబడుచున్నవి. తల్లినుండి బిడ్డను వేరుచేయవలసిన యవసరము తీరిపోయెను.

చట్టములును మెల్లగా మారినవి. రోగులను నిర్బంధించుటకు వీలిచ్చిన 1898 నాటి కుష్ఠరోగుల చట్టము 2016 లో రద్దయ్యెను. అదే సంవత్సరమున వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, కుష్ఠవ్యాధి కుదిరియు అంగవైకల్యము మిగిలినవారిని హక్కులుగలవారిగా పేర్కొనెను. 2019 లో చేసిన సవరణచే ఈ వ్యాధి విడాకులకు కారణముగా చెల్లదయ్యెను. సంఘమువారును 1965 లో తమ పేరునుండి కుష్ఠరోగులను పదమును తీసివేసి, కుష్ఠవ్యాధి మిషను అని మార్చుకొనిరి. పేరు మార్చుట చిన్నపని కాదు. మనుష్యుని అతని వ్యాధిపేరుతో పిలుచుట అతనిని మరల దండు వెలుపలకు నెట్టుటయే.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మేము మీ యెదుట ఉంచగోరు సంగతులు మూడు. మొదటిది, సహాయమునకు కన్నీటికంటె మాట నిలుపుకొనుట ముఖ్యము. నెలకొక రూపాయి తప్పక యిచ్చు బాలుడు, ఒకనాడు నూరు రూపాయలిచ్చి మరచిపోవువానికంటె రోగికి ఎక్కువ నమ్మదగినవాడు. రెండవది, సహాయము పొందు బిడ్డ దాతకు దాసుడు కాడు. అతనికి తన పేరు కలదు, తల్లి కలదు, కోరికలు కలవు. కృతజ్ఞత వానినుండి పిండుకొనరాదు. వాని బొమ్మ చూపి మన ఘనత చెప్పుకొనరాదు. మూడవది, సముద్రములకావల నున్నవారు మన బిడ్డలను పోషింపగా, మన వీధిలో కుంటుచు పోవు పిల్లవానిని మనము వెక్కిరించుట యెంత సిగ్గు! దూరమువారికి సాధ్యమైన ప్రేమ దగ్గరివారికి అసాధ్యమా?

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ దేహముమీద తెల్లనిది గాని, ఎర్రనిది గాని మచ్చ కనబడి, దానిపై స్పర్శ తెలియకున్నచో దాచకుడు. నాటుమందులతో నెలలు గడపకుడు. దగ్గరి సర్కారు ఆసుపత్రిలో చూపింపుడు. తొలినాళ్లలో తెలిసికొనిన చేతులకు గాని, పాదములకు గాని కొరత రాకుండ వ్యాధి కుదురును. దాచుటవలననే బిడ్డ వికలాంగుడగును. బెయిలీగారి కాలమున జనులు భయపడుటకు కారణముండెను, మందు లేదు గనుక. మనకు ఆ కారణము లేదు.

పిమ్ అక్కచెల్లెండ్రు ఐర్లండులో తమ యింటనుండియే పని జరిపిరి. విల్బరు తన గ్రామమునుండియే తన కానుక పంపెను. బెయిలీగారు వారికిని, అంబాలా పాకలలోని వారికిని నడుమ వార్తాహరుడై నిలిచెను. ఒక ఉపాధ్యాయుడు త్రోవ దాటి ఎదుటి గుడిసెలలోనికి పోయి చూచి, చూచినది దాచక చెప్పుటవలన ఇంత జరిగెను. మన బడి ముందరను త్రోవ కలదు; త్రోవకావల ఇండ్లును కలవు. ఆ యిండ్లలో బడికి రాలేకపోవుచున్న బిడ్డ యెవరైన నున్నదేమో ఈ సెలవులలో విచారించి, బడి తెరచిన దినమున మాకు తెలుపవలెనని విద్యార్థులను కోరుచున్నాము.